పదకొండు సెంటీమీటర్లు

అవైరులో మా ల్యాబ్ కిటికీకి
ఉప్పు పేరుకుంటుంది. తుడిచినా రెండ్రోజులే.
ఆ మసక వెలుతురులో
ఫెలిజ్మీనా జడని బల్ల మీద పెట్టాను.

రేవు పక్క చిన్న చర్చి పైకప్పు బాగుచేస్తూ
మొక్కుల అలమార ఖాళీ చేశారట.
మైనపు చేతులు, చెక్క పడవలు, ఎవరో పిల్లాడి ఒంటి బూటు,
నలభై జడలు.
సొంతదారుల్లో బతికున్నది ముగ్గురే.
ఇద్దరు వద్దన్నారు.
ఈవిడ మాత్రం కూరల సంచీలో వేసుకుని బస్సెక్కి వచ్చింది,
తొంభై ఒకటో ఏట,
"ఇందులో ఏముందో మీకు కనబడుతుందటగా" అంటూ.

వస్తే కొండ, పోతే వెంట్రుక అంటారు.
నా బల్ల మీద వచ్చేదీ పోయేదీ వెంట్రుకే.

నెలకో సెంటీమీటరు పెరుగుతుంది.
ఒంట్లో భయం ఊరినప్పుడల్లా
రక్తంలోంచి రవ్వంత కార్టిసాల్
కుదుట్లోకి చేరి, అక్కడే గట్టిపడి,
మెల్లగా పైకి తోసుకొస్తుంది.
మనిషి మరిచిపోయాక కూడా
ముడిలోనో, దువ్వెన పళ్లలోనో ఉంటుంది.

అరవై ఒకటి ఏప్రిల్‌లో ఆమె భర్త అర్లిందు
కాడ్ చేపల ఓడెక్కి గ్రీన్‌లాండ్ వైపు వెళ్లాడు.
పొగమంచులో, ఒక్క మనిషి పట్టే పడవలో,
గాలం తాడు పట్టుకుని ఆరు నెలలు.
కొడుకు తిరిగొస్తే జడ ఇస్తానని
వాళ్లమ్మ మొక్కుకుంది.
కోడలి జడ.
అక్టోబరులో వచ్చాడు. ఇచ్చారు.

లెక్క తేలికే.
కత్తెర పడిన చోటినుంచి ఆరు సెంటీమీటర్లు సముద్రం.
ఆ కిందవి ఐదు, అంతకుముందు చలికాలం,
అతను ఇంట్లో ఉన్న నెలలు.

ముక్కలు కోశాను. ఆల్కహాల్‌తో రెండుసార్లు కడిగాను,
కొవ్వొత్తుల పొగా, అరవై ఏళ్ల దుమ్మూ పోయేదాకా.
ఉక్కుగుండ్ల మరలో వేస్తే
బూడిదరంగు పిండి.
అది రాత్రంతా మిథనాల్‌లో నానింది.
నేను ఇంటికెళ్లి సార్డీన్లు వేయించుకుని
హాయిగా నిద్రపోయాను.

మర్నాటికి అంకెలు వచ్చాయి.
సముద్రం ఆరు సెంటీమీటర్లూ
మడుగులా ఉన్నాయి.
మేలో ఒక చిన్న అల, అంతే.
చలికాలం ఐదూ
ఒకదాని భుజమ్మీద ఒకటి లేచాయి.

నమ్మలేదు. మళ్లీ చేశాను.
కొనకి పోయేకొద్దీ తగ్గాలి కదా,
వానా సబ్బూ ఎండా కొంత కొంత ఎత్తుకుపోతాయి,
కొనకి మతిమరుపెక్కువ.
అంతా పోగా మిగిలింది ఇంత.
రిపోర్టు అడుగున "పాత నమూనా, నమ్మకం తక్కువ" అని రాశాను.
రాయాలి కూడా. ఒక్క తల, ఒక్క జడ.
దీన్ని పట్టుకుని ఎవరి మీదా ఏమీ చెప్పలేం.

గురువారం వచ్చింది.
కాగితం ఆమె వైపు తిప్పాను. వేలితో గీత వెంట నడిచి
మే దగ్గర ఆగింది.
"ఇదా! పంది తప్పిపోయింది!"
పడీ పడీ నవ్వింది. మూడ్రోజులు వెతికిందట,
ఉప్పుమడుల గట్ల మీద, కాళ్లకి చెప్పుల్లేకుండా.
ఎవరో కోసుకు తినేశారనే అనుకుందట.
నాలుగో రోజు పాదిరిగారి క్యాబేజీ మడిలో...
పంది పేరు కూడా చెప్పింది.

చలికాలం మీదికి వేలు రాలేదు.
నేను కాగితం జరపలేదు.

కత్తెర పడిన రోజు ఎక్కడుందని అడిగింది.
"అది ఇందులో ఉండదు" అన్నాను.
"ఆ వారం వెంట్రుక ఇంకా చర్మం కిందే ఉంటుంది.
బయటికి రావడానికి పది, పదిహేను రోజులు."
తల తడుముకుంది, పల్చటి తెల్లటి తల,
అదింకా మొలవాల్సే ఉన్నట్టు.

మిగిలిన జడ చేతికిచ్చి
మళ్లీ చర్చికి పంపమంటారా అన్నాను.
"అరవై ఏళ్లు మరియమ్మ దగ్గరే ఉందిగా,
ఈపాటికి చదివే ఉంటుంది."
సంచీలో పెట్టుకుని, పైన ఉల్లికాడలు సర్దుకుని,
మూడున్నర బస్సు ఏ పక్కన ఆగుతుందని అడిగింది.