కాఫీ మడ్డి

గ్యుమ్రీలో, నల్లరాతి ఇళ్ల వీధి చివర
ముప్పయ్యొక్క ఏళ్లుగా కప్పులు చదువుతున్నాను.
నా పేరు వర్సెనిక్.
కాఫీ తాగి కప్పు బోర్లిస్తారు,
మడ్డి ఆరేదాకా ఆగుతాను.
అంచుకెక్కితే ప్రయాణం,
అడుగున ముద్దకడితే మనసులో బరువు,
పక్షి కనిపిస్తే ఉత్తరం.
(ఇప్పుడు ఉత్తరాలెవరు రాస్తారు, ఫోను వస్తుందని చెబుతున్నాను.)

నవంబరులో త్సిరాన్ తల విదిలించడం మొదలుపెట్టింది.
త్సిరాన్ అంటే మా భాషలో ఆప్రికాట్ పండు.
నా పిల్లిది రంగు వరకే పండు,
గుణం పచ్చి పిందె.

రాత్రి రెండింటికి టపటపా,
మళ్లీ మూడింటికి.
వెనక కాలితో గోక్కుని గోక్కుని
చెవి వెనక బొచ్చు రాలి
గులాబీ చర్మం మీద ఎర్రటి గీతలు.
హీటరు పక్కన నిద్రలో కూడా
తల ఎడమకే వాలి ఉండేది,
గోడ అవతలి మాటలు వింటున్నట్టు.
"డాక్టరుకు చూపించు" అంది పక్కింటి జెమ్మా.
పెడచెవిన పెట్టాను.

ఒక పొద్దున్న కిటికీ వెలుగులో
చెవి వెనక్కి మడిచి చూద్దును కదా,
లోపల నా కాఫీ మడ్డి!
అదే నలుపు, అదే పలుకు,
గోడలకు అతుక్కున్న అదే తీరు.
అలవాటు ఎంత చెడ్డదంటే
చదవబోయాను.
ఇదిగో కొండ, ఇదిగో దారి,
దారి మధ్యలో ఎవరో...
అప్పుడు వాసన తగిలింది,
బూజు పట్టిన జున్ను లాంటిది.
ఏ కప్పూ ఇన్నేళ్లలో అలా కంపు కొట్టలేదు.

నూనె వెచ్చచేసి రెండు చుక్కలు వేశాను.
మా అమ్మ నాకలాగే వేసేది.
మూడో రోజుకు చెవి డిప్ప
బూరెలా పొంగింది.

డాక్టర్ హ్రాచ్యా వాళ్లమ్మ కప్పు కూడా నేను చదివినదే,
వీడు ఇంజనీరవుతాడని చెప్పాను.
దీపమున్న గొట్టంతో చెవిలోకి తొంగి చూశాడు,
చిటికెడు నలుపు తీసి అద్దం మీద పరిచి
"రా, చూడు" అన్నాడు.
తెల్లటి చుక్కలు. నడుస్తున్నాయి.
నేను చదివిన గుర్తుల్లో
కాళ్లున్నవి ఇవే మొదలు.

"విదిలించీ గోకీ లోపల నెత్తురు నిలిచింది" అని
సూదితో తీసేశాడు. త్సిరాన్ నా చెయ్యి కొరికింది,
వాడి చెయ్యి కాదు.
"పుల్లకు చుట్టిన దూది పెట్టకు,
మురికిని లోపలికే తోస్తుంది.
వెనిగర్ వద్దు, స్పిరిట్ వద్దు,
మీ అమ్మ నూనె అసలే వద్దు.
ఇంట్లో ఇంకో పిల్లి ఉందా?"
లేదు. కానీ జెమ్మా పిల్లి
రోజూ మా పళ్లెంలోనే తింటుంది.
"అయితే దానికీ మందు."

ఎలా చెప్పను జెమ్మాకి,
నేను పెడచెవిన పెట్టిన మాట
వాళ్ల పిల్లి చెవిలోకి పాకిందని?
చెప్పాను. తలుపు వేసుకుంది.
రెండు రోజుల తర్వాత తెరిచి
"ఎన్ని చుక్కలు?" అనడిగింది.

తువ్వాలులో చుట్టి ఒళ్లో పెట్టుకుంటాను.
డాక్టరిచ్చిన నీళ్లు చెవిలో పోసి
మొదలు దగ్గర మెత్తగా నొక్కితే
బురదలో నడిచినట్టు చప్పుడు.
వదిలేస్తాను, విదిలిస్తుంది,
కళ్లజోడు మీద నల్లని తుంపర్లు.
తర్వాత దూదితో, వేలు అందినంత మేరే.
ఆ తర్వాత ఉడికించిన కోడిముక్క,
లేకపోతే మర్నాడు మంచం కిందే కాపురం.

మార్చికి చెవి పొడిగా, లేత గులాబీగా తేలింది.
ఆ డిప్ప మాత్రం కొంచెం ముడుచుకునే ఉండిపోయింది,
నా తప్పుకు గుర్తు.
ఇప్పుడు ఆదివారం పూట చూస్తానంతే.
శుభ్రంగా ఉంటే ముట్టుకోవద్దన్నాడు, ముట్టుకోను.

నిన్న ఒకమ్మాయి వచ్చింది, నిశ్చితార్థపు ఉంగరం తిప్పుకుంటూ.
కప్పు సాసరు మీద బోర్లించిన చిన్న చప్పుడుకి
పక్క గదిలో నిద్రపోతున్న త్సిరాన్
మంచి చెవీ ముడతల చెవీ
రెండూ ఇటు తిప్పింది.
"ఏముంది, చెప్పండి" అంది అమ్మాయి.
ఆగమ్మా, ఇంకా ఆరలేదు.