పదిహేడో నంబరు బూత్

ఆ వారంలో అది మూడోసారి
పదిహేడో నంబరు బూత్ మూగబోవడం.
రిసీవర్ ఎత్తగానే చేతికి తెలిసిపోయింది,
సొన పీల్చేసిన గుడ్డు పెంకంత తేలిక.
మూత విప్పితే లోపల
దేన్నీ పట్టుకోని రెండు తీగలు.

నీజ్నీ తగీల్ జనవరిలో
తొడుగు వేసుకుంటే మర చేతికి దొరకదు,
తొడుగు తీస్తే చర్మం మరకే అంటుకుంటుంది.
తడి కట్టెల పొయ్యిని ఊదినట్టు ఊది ఊది తిప్పాలి.
ఆ ఊదుడు మధ్య నేను తిట్టిన తిట్లు
మా అమ్మ నేర్పినవి కావు,
టెలిఫోన్ శాఖలో పద్నాలుగేళ్ల సర్వీసు నేర్పినవి.

దొంగని పట్టించింది నా చెవే.
కార్మికుల హాస్టల్ బాయిలర్ గది,
నేలబారు కిటికీలోంచి ఒక గుర్రు,
లైనులోకి తడి చేరితే వచ్చే గుర్రు.
వీధిలో నడిచే వేలమందిలో
దాన్ని ఎరిగినదాన్ని నేనొక్కదాన్నే.

దిగి చూస్తే సవేలీ, కొలిమి మేస్త్రి కొడుకు,
పదహారేళ్లు, మీసం కన్నా మసే ఎక్కువ.
ఒళ్లో ఉన్నదాన్ని ఏమని పిలవాలో తోచలేదు.
దాని ఒళ్లు బడి బల్ల పైచెక్క.
సిరా మరకల మధ్య ఎవరో ఎప్పుడో చెక్కిన
"ల్యూదా గాడిద" అలాగే ఉంది.
మెడ, విరిగిన స్కీ.
మెట్లు, వెల్డింగు కడ్డీ తుంపులు.
నడుమ మైనంలో పొదిగి
పక్కపక్కనే మూడు, నా కాప్సూళ్లు.

"ప్రసూతి ఆసుపత్రి ఎదుటి బూత్ రా అది!
కోడలికి నొప్పులు మొదలయ్యాయనీ,
ఆడపిల్లనీ, మగపిల్లాడనీ, కవలలనీ
ఊరంతా అరిచేది దాంట్లోనే."
తల వంచుకుని అన్నాడు:
"అందుకే బాగా వింటుందనుకున్నాను."

చెంప పగలగొట్టాల్సింది.
నవ్వొచ్చింది.

"మొదటిది పలకలేదు, పాడైందనుకుని రెండోది తెచ్చాను.
అదీ పలకలేదు..."
తంతుల మీద వేలు పెట్టి చూశాను.
చేపల గాలపు దారం.
పిచ్చి సన్నాసీ, కాప్సూల్‌ది కాదు తప్పు,
నైలాను ఎంత ఊగినా
అయస్కాంతం కన్నెత్తి చూడదు.
దానికి తెలిసిన చుట్టం ఇనుమొక్కటే.

నా సంచీలో మిలిటరీ మిగులు కేబుల్ ఉంది.
పళ్లతో పైపొర లాగాను.
రాగి పోగుల మధ్య దాక్కున్న ఉక్కు పోగుల్ని
జడ విప్పినట్టు విడదీశాను.
ఒకటి బిగించేసరికి కొలిమి రెండుసార్లు బొగ్గు అడిగింది.

పాత రేడియో వెనక తీగ గుచ్చాడు.
దాని పచ్చ కన్ను కాసేపు ఆలోచించి వెలిగింది.
వాడు మీటాడు.
కన్ను ఇరుకైంది, ఎండలోకి వచ్చిన పిల్లి కన్నులా.
తర్వాత వచ్చిందే, ఆ శబ్దం,
అందంగా ఉందని అబద్ధం చెప్పను.
రేకు చింపినట్టుంది. గొంతు రాసుకుపోయినట్టుంది.
పైపులు అదిరి గోడ మీది సున్నం నా టోపీలో రాలింది.

జీవితమంతా మన చెవిలోకి చెప్పడమే దాని పని.
తిరగేసి పెట్టేసరికి
అది వినడం మొదలుపెట్టింది.
నేను ఎవరి మాటా అంతగా విన్నట్టు గుర్తులేదు.

రెండు కాప్సూళ్లు తిరిగి ఇచ్చాడు.
ఒకటి, "తర్వాత చూద్దాం" అన్నాను.

ఆ రాత్రి రిజిస్టరులో
బూత్ పదిహేడు, చెడిపోవడానికి కారణం అన్న గడిలో
"చలి" అని రాశాను.
ఫిబ్రవరిలో పందొమ్మిదో బూత్: చలి.
ఏప్రిల్‌లో, ఈసారి వాడి స్నేహితుడెవడో: చలి.
జూలైలో పై అధికారి నా పేజీ తిప్పి,
కళ్లజోడు తీసి తుడుచుకుని,
చెమట పట్టిన మెడ రుద్దుకుంటూ
సంతకం పెట్టాడు.
ఆయన కూతురికి అప్పటికి పదిహేనేళ్లు.
ఇంట్లో ఒక స్కీ కనబడటం లేదట.