పచ్చిరొట్టె అచ్చు

బేతంచెర్ల రైలు గేటు కాడ
కుళ్ళాయమ్మ రొట్టె తట్టే చప్పుడు
రెండు ఫ్యాక్టరీల అవతలికి వినపడుతుంది.
నాపబండ మీద పిండి, పిండి మీద అరచెయ్యి.
పది రూపాయలిచ్చి
పెనం మీదికి పోకముందే ఒకటి ఇమ్మన్నాను.
"పచ్చిదా? ఏం కడుపప్పా నీది?"
తినను, అచ్చు తీస్తానన్నాను.
ట్రాక్టరు డ్రైవర్లు నవ్వినారు.
ఆమె నవ్వలేదు. కొంగు సర్దుకుని
ఫోటోకు కూర్చున్నట్టు కూర్చుని
ఇంకాస్త పదిలంగా తట్టింది.

పద్దెనిమిదేళ్ళు బండలు నునుపు చేసినోణ్ణి.
బండతో పాటు నా వేళ్ళూ నునుపైనాయి.
రేషన్ మిషను మీద బొటనవేలు పెడితే
ఎవరూ లేరంటుంది.

పలుగురాయి పొడి సగం, ప్లాస్టర్ సగం,
పెరుగంత చిక్కన.
అంచు నుంచి మెల్లగా పోయాలి,
ఇక్కడ బుడగ నిలిస్తే గాజులో బొబ్బ.
గట్టిపడుతూ అది వెచ్చబడింది,
ఎవరో ఇప్పుడే లేచిపోయిన బస్సు సీటులా.
పిండి గీకి, పళ్ళ బ్రష్షుతో కడిగితే
లోపల రొట్టె లేదు,
రొట్టె ఉన్న చోటు ఉంది.

గాజు ఖాజామొద్దీన్ ఇచ్చినాడు.
మూసేసిన గోలీసోడా కొట్టులోంచి
గోనెసంచెడు ఆకుపచ్చ సీసాలు.
సుత్తి పడ్డప్పుడల్లా
ఒక్కో ఎండాకాలం పగిలింది.
గోలీలు మాత్రం ఏరి
వాళ్ళ మనవడి చొక్కాజేబులో పోశాను.

చాలదేమోనని
డోన్ డిపో కాడ ఊడ్చిన బస్సు అద్దం పెంకులూ కలిపాను.
బట్టీ దిగి బాగానే మెరిసింది.
సాయంత్రం టీ తాగుతుంటే, ఎవరూ ముట్టకుండానే,
టప్పుమని రెండయింది.
సోడా గాజు కుంగే తీరు వేరు, బస్సు గాజు కుంగే తీరు వేరు.
ఒకే ఇంట్లో రెండు మొండితనాలు.

రెండోసారి అచ్చంగా సోడా గాజే.
ఎనిమిది వందల ముప్పై డిగ్రీలు.
ఇటుక సందులోంచి చూస్తే
పెంకులు మొనలు మరిచిపోయి
ఒకదాని మీద ఒకటి ఒరిగినాయి.
తప్పు ఆ తర్వాత చేశాను.
రెండో పొద్దే మూత ఎత్తినాను, ఒక్క వేలెడంత.
గాలి కంటే ముందు నా తొందర లోపలికి పోయింది.
వెంట్రుకంత గీత, అంచు నుంచి అంచుకు.

బండైతే చెప్పిందల్లా అప్పటికప్పుడే వినేది.
కొయ్యి, అరగదీయి, నీళ్ళు కొట్టు.
గాజు మాట వినదు,
గాజే మనకొక మాట చెప్తుంది: కాచుకో.

మూడోసారి, ఐదు వందల ముప్పై కాడ
సరిగ్గా కరెంటు పోయింది.
మద్దిలేటి టార్చి పట్టుకున్నాడు.
బట్టీ చుట్టూ బూడిద మూటలు పేర్చి
సందులన్నీ బూడిదే మెత్తినాము.
బూడిద యాడిదనుకున్నారు?
కుళ్ళాయమ్మ పొయ్యిదే.
నాలుగు రోజులు
చేతులు జేబుల్లో పెట్టుకుని తిరిగినాను.

అయిదోరోజు అచ్చు నీళ్ళలో
నానిన రస్కులా రాలిపోయింది.
చేతిలో ఆకుపచ్చ రొట్టె.
ఎండకెత్తితే,
వేళ్ళు నొక్కిన చోటల్లా గాజు పల్చన,
పల్చనైన చోటల్లా వెలుగు.
ఒక గుంటలో బొటనవేలి రేఖలు కూడా దిగినాయి.
నా నున్నటి వేలు అందులో పెట్టి చూశాను.
పట్టలేదు. ఆమెది చిన్న వేలు.

గేటు కాడికి తీసుకుపోతే
పిండిచేతులు తుడుచుకుని అందుకుంది,
గోటితో తట్టింది, కంటికి అడ్డం పెట్టుకుంది.
గుంతకల్లు బండి పచ్చగా పోయింది.
"ఈ పక్క మందమైంది," అంది చివరికి.
"ఆ పొద్దు మణికట్టు నొప్పి నాకు."
ఎన్నాళ్ళు పట్టిందని అడిగింది. చెప్పాను.
నా వైపు కాసేపు చూసి
ఇంకో ముద్ద తీసుకుంది.

గాలి లేస్తోంది.
రొట్టెల మీద గుడ్డ ఎగరకుండా
దాన్ని తెచ్చి పైన పెట్టింది.