నాలుగో దెబ్బ

ఇబ్రహీంబాగ్ గుట్ట మీద బారాదరి, పన్నెండు కమాన్లు.
ఒక్కో కమాన్లకెల్లి ఒక్కో ముక్క పొద్దు దిగిపోతుంటే
కింద, రాతిమెట్ల వెనక,
నేను జనరేటర్‌ల నీళ్లు పోస్తున్న.

నా పేరు పోస్టర్ల ఉండదు.
జనరేటర్ బాల్‌నర్సయ్య అంటే
పెండ్లోళ్లకు తెలుసు, మీటింగోళ్లకు తెలుసు,
పైసలు ఎగ్గొట్టినోళ్లకు ఇంకా బాగ తెలుసు.

ఆ పిల్ల వచ్చింది, మెర్సీ సుకన్య,
లాలాగూడ రైల్వే క్వార్టర్ల బిడ్డ,
మెడల హెడ్‌ఫోన్లు, చేతిల సగం కొరికిన ఉస్మానియా బిస్కట్.
"అన్నా, ఒక్కపారి నడిపియ్యవా, వినాలె" అన్నది.
ఇరవై రెండేండ్లల్ల ఈ మిషన్‌ను
బంద్ చెయ్యమన్నోళ్లే గాని
వింటమన్నోళ్లు లేరు.

ఫోన్ దాని పొట్టకు ఆనిచ్చి
కండ్లు మూసుకొని నిలబడ్డది.
"మా నాయిన లేత్ మిషన్ గూడ గిట్లనే.
నాలుగో దెబ్బకు జరంత దగ్గుతది."
ఆ దగ్గు ఇంజెక్టర్‌ది.
బాగు చేపియ్యాలని ఆర్నెల్ల సంది అనుకుంటున్న.
ఇల్లు ఊడ్వకముందే సుట్టమొచ్చినట్టు
సిగ్గయింది.

చీకటి పడ్డంక షురూ.
మొదలు ఏం లేదు. ఒక్క దెబ్బ.
మళ్ల అదే దెబ్బ. మళ్ల అదే.
గచ్చిబౌలికెల్లి వచ్చిన పోరలు
ఐడీ కార్డులు జేబుల్ల కుక్కుకొని
తలకాయలు ఊపుతున్నరు.
పల్లవి లేదు, మాట లేదు,
పసుపు దంచే రోకలి తీరు
ఇదేం పాటరా అనుకున్న.
అర్ధగంటకు చూస్తే
నా కాలి బొటనవేలు, నన్నడగకుంట,
చెప్పుల ఆడుతున్నది.

అప్పుడు ఇన్న.
గోడలకెల్లి, మెట్లకెల్లి, పన్నెండు కమాన్లకెల్లి
నా మిషన్ దగ్గు.
మూడువందల మంది దానికోసమే ఆగి
దాని మీదనే దుంకుతున్నరు.

ఎన్నడో ఒకామె ఈడ పాడితే
గాలి ఎత్తుకపోయి గోల్కొండల ఇనిపిచ్చేదంట.
ఏమో. నేను చూడలె.
ఇయ్యాల మాత్రం గాలి ఎత్తుకపోయింది
నా ఇంజెక్టర్ రోగాన్ని.

సరిగ్గ పదింటికి ఎస్సై వచ్చిండు,
చేతిల సప్పుడు కొలిచే డబ్బా.
"బంద్."
మెర్సీ రెండు చేతులు లేపింది. స్పీకర్లు సచ్చినయి.
గబ్బిలం రెక్కలు గూడ ఇనబడ్డయి.

లైట్లు ఉండాలె గద, నేను ఆపలె.
డుగ్ డుగ్ డుగ్, దగ్గు.
ఎవడో కిసుక్కున నవ్విండు.
డుగ్ డుగ్ డుగ్,
మూడువందల జతల కాళ్లు.

ఎస్సై డబ్బా దిక్కు చూసిండు, నా దిక్కు చూసిండు.
మోటర్‌ను పాట అని ఏ కాయిదంల రాసుంటది?
ఆయన బూటు మడిమె రెండుసార్లు లేసింది.
చూసిన. సాక్ష్యం మాత్రం చెప్ప.

డీజిల్ ముల్లు ఎర్రగీత మీద వాలింది.
నేను మొకం తిప్పుకున్న.

తెల్లారి మెకానిక్ యూసుఫ్ పానా పట్టుకొని వచ్చిండు,
"ఇంజెక్టర్ ఇప్పాల్నా?"
ఉండనీ అన్న,
ఇంకో నెల.