అచ్చుతప్పు

కోసిగి బడి గోడ, తూర్పు పక్క.
సున్నం ఇంకా పచ్చిగానే ఉండె.
మండలాఫీసోళ్లు ఒక కాయితం ఇచ్చిరి,
దేశాలన్నీ ఒక చోట కూసోని
పిల్లోళ్ల కోసరం రాసుకున్న ఒడంబడికంట.
అక్షరానికింత అని కాదు, గోడకింత అని బేరం.
నీలం డబ్బా ఒకటి, కుంచెలు రెండు,
నిచ్చెన మా బామ్మర్ది మౌలాలిది.

*ప్రతి బిడ్డకూ పేరు పొందే హక్కు ఉంది.*

హక్కు రాసేటప్పుడు కుంచె కావత్తు కాడ ఆగుతాది.
ఎన్ని గోడలు రాసినా ఆగుతాది.
ఇది అరబ్బీ మాటని హజరత్ ఒకసారి చెప్పినాడు.
మసీదుకి పోతే దూదేకులోడు, ఉర్దూ రాదంటారు.
ఊర్లోకొస్తే సాయిబంటారు.
నా నోట్లో తెలుగే, మా అమ్మ జోల గూడా తెలుగే.
ఇదొక్క మాట మాదని చెప్పుకుందామంటే
అదీ నీలం రంగులో, సర్కారు గోడ మీద.

పొద్దు నెత్తికెక్కినాక ఆ పిల్ల వచ్చె.
పత్తి క్రాసింగు చేన్లోంచి.
వేళ్లకి పసుపు. పండగది కాదు, పూలపొడి.
చీకటితో లేసి మగపూవు తెంపుకొచ్చి
ఒక్కో పూవుకీ రుద్దిన పసుపు.
"పెద్దోళ్లైతే నడుము వంచాల,
పిల్లోళ్లైతే చెట్టుకి సమానం" అంటాడు చేను రెడ్డి.
సమానం అనే మాట
నా కాయితంలో రెండో వరసలో ఉండె.

"ఏం రాస్తాండావు అన్నా?"
"మీ గురించే."
"మా గురించి రాయరు ల్యా" అనె,
మందు వాసనకి దగ్గుతా.

రైలుకట్ట అవతల గుడారాలు వాళ్లవి, బుడగజంగాలు.
వాళ్ల తాత బుర్ర మీటి కథ ఎత్తుకుంటే
తెల్లారేదాకా ఊరు లేసేది కాదంట.
ఇప్పుడు కులం కాయితం అడిగితే
ఈ జిల్లాలో మీరు లేరంటాడు ఆఫీసులో గుమస్తా.
ఆ కథ ఇన్నోళ్లలో ఆయప్ప నాయన గూడా ఉండె.

కాయితంలో ముప్పయ్యోది చూస్తి.
కొద్దిమందిగా బతికే వాళ్ల బిడ్డకి
తన మాట, తన మొక్కు, తన తీరు
తనకుండే హక్కు ఉంది.
దాని మీద ఎర్ర పెన్నుతో అడ్డంగా గీసి
పక్కన రాసిరి: *గోడ చాలదు.*

"ఇందులో నా పేరు యాడుంది?"
"నీ పేరేంది?"
"ఉరుకుందమ్మ."
నిచ్చెన దిగి వరస చివర చూపిస్తి.
*ఉంది*. ఇదో, ఈ అచ్చు. ఉ.
నీ పేరు దీంతోనే మొదలు.
ఆ పిల్ల గోడ పైనించి కిందికి
ఉ, ఉ, ఉ అని లెక్కబెట్టుకుంటా వచ్చె.
"పన్నెండు తూర్లు మొదలుపెట్టి
ఒక్క తూరి గూడా ముగించలేదేందన్నా?"

ఏం చెప్పాల?
డబ్బాలో అడుగున నాలుగేళ్ల రంగు మిగిలుండె.
కడా వరస ఇంకా ఆరలే.
తలగుడ్డతో సగం మాట తుడిచి, ఉ ఒక్కటి ఉంచి,
మిగతాది రాస్తి.

*ప్రతి బిడ్డకూ చదువుకునే హక్కు ఉరుకుందమ్మ.*

నవ్వుతుందనుకుంటి. నవ్వలే.
తడి మీద వేలు పెట్టి చూసుకునె.
పసుపు మీద నీలం అంటుకోని
వేలి కొన ఆకుపచ్చగా అయ్యె.
మళ్ల చేన్లో గంట కొడితే పరిగెత్తె,
మాపటేళ మొగ్గలు గిల్లే పని ఉందని.

నెలకి బిల్లు కోసరం పోతి.
"ఏమయ్యా దస్తగిరీ, కడా వరసలో ఏందది?"
"అచ్చుతప్పు సార్."
రెండు నూర్లు కోసిరి. పోయి దిద్దమనిరి.

మొన్న ఆ దారమ్మట పోతాంటే చూస్తి.
గోడ కింద, నా అక్షరాలకి సరిగ్గా దిగువన
ఎవరో ఇటుక పెళ్లతో
అప్పుడే దిద్దుతాండారు.
వంకర టింకరగా
ఉరుకు దాకా వచ్చినారు.