కాంటా ముల్లు

బాదేపల్లి యార్డుల ఇరవై రెండేండ్ల సంది
దడవాయి పని నాది.
పల్లికాయ బస్తా ఎక్కుతది, ముల్లు ఊగుతది,
ఆగినంకనే నోరు తెరుస్త.
ముల్లు ఆగకముందే అంకె చెప్పేటోడు
దడవాయి కాదురా, దొంగ.
నాకు పని నేర్పిన బుడ్డన్న మాట ఇది.

ఆదివారం నేను కాంటా ముట్టను.
సీజన్ల సేటు డబుల్ కూలి ఇస్తనన్నా ముట్టను.
అది నాకూ పైనున్నాయనకూ నడుమ ముడి.

రాలిన కాయ ఊడ్చే మొగులమ్మ
మంగళారం చెప్పులు తొడగది.
కొడుక్కు జరమొచ్చిన ఏడు మైసమ్మకు మొక్కిందట.
కొడుకిప్పుడు లారీ తోలుతున్నడు.
ఆమె అరికాళ్లు యార్డు బండల మీద ఇంకా కాలుతనే ఉన్నయి.
"మొక్కు తీరింది గదమ్మా" అని నేనెన్నడూ అనలే.
ఎవరి ముడి ఎంత బిగువో వాళ్లకే ఎరుక.

"దేవదానం, నువ్వన్న చెప్పరాదా వాళ్లకు?"
అంటడు మా అయ్యగారు.
అడిగితే చెప్తనయ్యా.
అడగని ఇంట్ల దీపం పెట్టవోతే
గడ్డివాము అంటుకుంటది.

ఇట్ల చెప్తుంటే మంచోని లెక్క కనవడుత.
కాదు. మిగిలింది వినుండి.

మొన్న రంజాన్ల, శనివారం,
ఎండ నెత్తి మీద ఉన్నపొద్దు
జాంగీరు లారీ ఎనక నిలవడి
సీసా ఎత్తి గటగట నీళ్లు తాగిండు.
పొద్దుగాల్నే "రోజా ఉన్న, బీడీ అడగకు" అన్నోడు.
నేను చూసిన.
నేను చూసుడు వాడు చూసిండు.
వాని చేతిలకెల్లి మూత జారి
దొర్లుకుంట నా కాలికాడికొచ్చింది.

ముల్లు ఇంకా ఊగనే లేదు,
నా లోపల అంకె పలికింది:
"గింతేనా వీని భక్తి?"

గదే గడియల కాంటా మీద
రూప్లా నాయక్ కాయ.
పద్నాలుగు బస్తాలు.
గుమస్తా కన్ను గీటిండు.
ముల్లు నలభై రెండు మీద నిలిస్తే
నలభై ఒకటి అన్న.
పద్నాలుగు సార్లు అన్న.
గొంతు ఒక్కసారన్న వణకలే.
ముసలాయనకు సదువు రాదు,
నా నోటి దిక్కే చూసుకుంట నిలవడ్డడు.

రాత్రి బువ్వ దిగలే.
సుగుణ "ఏమైంది" అన్నది. "ఎండ" అన్న.
అది పదిహేనో అబద్ధం.

తెల్లారితే ఆదివారం.
చర్చి గంట వినవడుతనే ఉన్నది,
తండా దిక్కు పోయే బస్సెక్కిన.
వాకిట్ల మంచం వాల్చి మజ్జిగ ఇచ్చిండు రూప్లా.
తూకంల తప్పు వచ్చిందని
ఎనిమిది వందల నలభై చేతిల పెట్టిన.
ఎవరు జేసిన తప్పో చెప్పనీకె
మజ్జిగ గిలాస అయిపోయిందాంక పట్టింది.
ఆయన ఏమనలే.
మనవరాలిని పిలిచి లెక్క వెట్టిచ్చిండు.
అటెంక నా చేతిల పద్నాలుగు రూపాలు తిప్పి పెట్టిండు.
"రేటు యాభైతొమ్మిదే గద."
మిగిలిన నోట్లు తండా గుడి తెల్లజెండా దిక్కు తిరిగి
కండ్లకద్దుకున్నడు.

బస్సుల ఆ చిల్లర
జేబుల మోస్తే
క్వింటాలు బరువైంది.

జాంగీరు ఎందుకు తాగిండో
నేను అడగలే, వాడు చెప్పలే.
కడుపుల మంటనో, మందుబిల్లనో,
ఉత్త దూపనో.
ఆ బస్తా నా కాంటా మీదికి ఎక్కేది కాదు.

సోమారం మూత వాని చేతిల పెట్టిన.
"నీదే" అన్న.
జాంగీరు దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి
అంగి జేబుల వేసుకున్నడు.

పొద్దుగూకి సైరన్ మోగినప్పుడు
ఎప్పటి లెక్కనే ఖర్జూరపండ్లు పంచిండు.
మొగులమ్మకొకటి. గుమస్తాకు సుత ఒకటి.
నా దగ్గర జర ఆగి, రెండు.

గింజ నోట్లనే పెట్టుకొని
ఆఖరి లోడు తూచిన.
బస్తా ఎక్కింది.
ముల్లు ఊగుతున్నది.
సేటు "ఎంత, ఎంత" అంటున్నడు.

ఆగని సేటూ.