ముక్కుకి జానెడు దూరం

పదకొండేళ్ళు రిఫైనరీ ల్యాబులో
గ్యాసుకి కుళ్ళు కంపు కలిపే బల్ల దగ్గర నిలబడ్డాను.
లీకైతే తెలియాలి కదా,
వాసన లేనిదానికి వాసన పెట్టడం నా ఉద్యోగం.
సాయంత్రం మల్కాపురం బస్సులో
నా పక్క సీటు ఎప్పుడూ ఖాళీయే.

ఇప్పుడు అల్లిపురంలో మేడమీద గది.
రెండు రాగి బిందెలు, ఒక వెదురు గొట్టం,
కింది వాటావాళ్ళ ఫిర్యాదులు.
గుడి ధూపాన్ని సీసాలోకి దించాలని కూర్చున్నాను,
నిప్పు లేకుండా, పొగ లేకుండా,
ఫ్యాక్టరీ చుక్క ఒక్కటీ కలపకుండా,
పూలతో.

నువ్వులు పరిచి, మీద సంపెంగలు పరిచి,
మళ్ళీ నువ్వులు.
తెల్లారి వాడినవి ఏరేసి తాజావి. తొమ్మిది రాత్రులు.
పూలతో ఉంటే నారకీ తావి అబ్బుతుందంటారు గానీ
నువ్వుగింజ అంత తేలిగ్గా మాట వినదు.
వానాకాలం, సముద్రపు గాలి,
మూడోనాటికి బూజు.

సంపెంగలకి అడివివరం వెళ్తాను.
మెట్ల మొదట్లో సన్యాసమ్మ,
గంప మీద తడిగుడ్డ, డొప్పకి ఎనిమిది పూలు.
మొదటిరోజు ఒకటి తీసి ముక్కు దగ్గర పెట్టానో లేదో
చేతిమీద ఒక్కటేసింది.
"ఓలమ్మా, వోసన సూసేత్తావేటి?
సూసిన పువ్వు సోమికెక్కదు."

నలభై ఏళ్ళుగా అమ్ముతోంది.
ఒక్కటీ చూడలేదట.
గంప ఎత్తేటప్పుడు మొహం పక్కకి తిప్పి
ఊపిరి బిగపడుతుంది.
"గాలికి వచ్చేది తప్పెలా అవుతుంది?" అన్నాను.
"గాలి పాపం గాలిది. నాకెందుకూ?"

మొదటి సీసా పెళ్ళిపందిరిలా వచ్చింది.
రెండోది జగదాంబ దగ్గర బట్టలకొట్టు.
మూడోదానికి పాడేరు సంత గుగ్గిలం,
ఒక మొగలిరేకు, గుప్పెడు మరువం, గంధం నూనె.
అది గుడి గుమ్మం దాకా వచ్చి
చెప్పులు విప్పకుండా నిలబడింది.

ఏం తక్కువైందో తెలియక
ఒక ముసురు సాయంత్రం కొండెక్కాను.
హారతి అయిపోయింది. జనం పల్చబడ్డారు.
ధూపం వెళ్ళిపోయాక రాతికి అంటుకుని ఒకటుంది,
తడి తువ్వాలూ చల్లారిన నెయ్యీ కలిసినట్టు,
రోజంతా వాడిన పువ్వు చివరగా విడిచినట్టు.

దిగేసరికి సన్యాసమ్మ గంప దులుపుతోంది.
అంచులు గోధుమరంగు తిరిగిన సంపెంగలు,
దేవుడికీ జడకీ పనికిరానివి,
కాలవ పక్కన కుప్ప.
"ఇవి ఇస్తావా?"
"పేడకుప్పకి ఎల్లీయి, తీసుకెల్లు."

దసరా వెళ్ళాక నాలుగో సీసా పట్టుకెళ్ళాను.
మణికట్టుకి రాయబోతే చెయ్యి వెనక్కి లాక్కుంది.
"సోమిదేటి?"
"కాదు. నేను వందసార్లు వాసన చూసేశాను.
ఇది పైకి ఎక్కదు."
సీసాకేసి చూసింది.
తడిగుడ్డతో చేతులు తుడుచుకుంది, వేలు వేలుకీ.
"ఐతే ఇలాగియ్యి."

ఎవరో డొప్ప అడిగారు, వినిపించుకోలేదు.
కొండమీదికి బస్సు పోయింది, డీజిలు పొగ,
దాన్ని కూడా నేను పేరుపేరునా విడదీస్తున్నాను, అలవాటు.
ఆవిడ కళ్ళు మూసుకునే ఉంది.
మణికట్టు ముక్కుకి ఆనించి ఉంది.

"ఇదా," అంది చివరికి.
"ఇదా ఇన్నాల్లూ సోమి సూత్తన్నది."

తర్వాత బేరాలు చూసుకుంది,
చిల్లర సరిగ్గానే ఇచ్చింది.
పొద్దువాలాక గంప ఎత్తుకుంది,
మొహం పక్కకి తిప్పి,
ఊపిరి బిగపట్టి,
ఎప్పటిలాగే.